కారు బ్యాటరీ మార్చే ముందు పాత బ్యాటరీని చదవండి

తాళం తిప్పితే టక్ టక్ అని చప్పుడు తప్ప ఇంజన్ కదలదు. మీటర్ మీద లైట్లు ఒక్కసారి వెలిగి మసకబారిపోతాయి. మూడేళ్ల కిందట కార్తీక మాసంలో ఒక ఆదివారం తెల్లవారుజామున నాకు ఇదే జరిగింది. అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి దర్శనానికని అమ్మ తలస్నానం చేసి, పూలసజ్జ ఒళ్లో పెట్టుకుని విజయనగరంలో మా ఇంటి ముందు కారులో కూర్చుంది. కారు కదల్లేదు. పక్కింటి అబ్బాయి నిద్ర లేచి వచ్చి, తన కారు దగ్గరికి తెచ్చి జంపర్ కేబుల్ వేస్తే బయల్దేరాం.

తిరిగొచ్చేటప్పుడు ఇంజన్ ఆపాలంటేనే భయం. ఆ టెన్షన్‌లో దారిలో కనిపించిన బ్యాటరీ షాపు ముందు ఆపి, వాళ్లు ఏది ఇస్తే అది బిగించుకుని వచ్చేశాను. ఎనిమిది నెలలకే అదీ పోయింది. వారంటీ కార్డు తీసి చూస్తే షాపు ముద్ర లేదు, అమ్మిన తేదీ లేదు. బ్యాటరీ మీద తయారీ తేదీ చూస్తే, నేను కొనేనాటికే దానికి ఏడాది దాటింది. షాపువాళ్లని అడిగితే కార్డు నింపలేదు కాబట్టి తామేమీ చేయలేమన్నారు.

ఆ రోజు పది నిమిషాలు ఆగి చూసుకోవాల్సినవి నాకు తెలియలేదు. మీకు తెలియాలని రాస్తున్నాను. బ్యాటరీ గురించి పెద్ద చదువు అక్కర్లేదు. మీ కారుకి ఏం కావాలో పాత బ్యాటరీ మీద ఉన్న లేబులే చాలావరకు చెప్పేస్తుంది.

ముందుగా: పోయింది బ్యాటరీయేనా?

రెండోసారి బ్యాటరీ పోయినప్పుడు మా మెకానిక్ బాబాయి దగ్గరికి వెళ్లి "కొత్తది వేసేయండి" అన్నాను. ఆయన "కొందువు గానీ బాబూ, ముందు ఓపాలి సూడనీ" అని మల్టీమీటర్ తీశాడు. ఎవరైనా మొదట చేయాల్సిన పని అదే. ఆ మీటర్ నాలుగైదు వందల్లో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. కారున్న ఇంట్లో ఒకటి ఉండటం మంచిది.

రాత్రంతా కారు ఆపి ఉంచి, ఉదయం స్టార్ట్ చేయకముందు కొలవండి. మీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగ ప్లస్ టెర్మినల్‌కి, నల్ల తీగ మైనస్‌కి ఆనించండి. 12.6 దాకా చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పావు వంతు, 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే కిందికి వెళ్తే ఖాళీ అయిపోయినట్టే.

అయితే ఖాళీ అవడం వేరు, చెడిపోవడం వేరు. డోరు సరిగ్గా పడక లోపలి లైటు రాత్రంతా వెలిగితే, కొత్త బ్యాటరీ కూడా ఉదయానికి ఖాళీ అవుతుంది. దాన్ని షాపులో నిదానంగా పూర్తి ఛార్జింగ్ పెట్టించండి. ఒక పూట పక్కన ఉంచి మళ్లీ కొలవండి. 12.6 దగ్గర నిలబడితే బ్యాటరీ బతికే ఉంది. గంటగంటకీ దిగిపోతుంటేనో, పూర్తిగా ఛార్జ్ అయ్యాక కూడా 10.5 దగ్గరే ఆగిపోతేనో మార్చాల్సిందే. కారు బ్యాటరీ లోపల ఆరు అరలుంటాయి, ఒక్కో అర రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. 10.5 అంటే అందులో ఒకటి పోయిందని అర్థం.

తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు కొలవండి. ఒకరు తాళం తిప్పుతుంటే మీరు మీటర్ చూడాలి. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ కూడా ఆ క్షణంలో 9.6 కంటే కిందికి పడిపోతే దానికి బలం లేదు. బ్యాటరీ షాపుల్లో లోడ్ టెస్టర్ పెట్టి ఈ పరీక్షే చేస్తారు. చాలా చోట్ల ఊరికే చేస్తారు, అడగండి.

ఇక ఇంజన్ నడుస్తుండగా కొలవాలి. మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. లైట్లు, ఏసీ వేసినా 12 దగ్గరే ఆడుతుంటే లోపం ఆల్టర్నేటర్‌లోనో (ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీని నింపే భాగం), దాని బెల్టులోనో ఉంది. అప్పుడు ఎంత ఖరీదైన బ్యాటరీ వేసినా వారం తిరిగేసరికి మళ్లీ పడుకుంటుంది. 15 దాటితే ఇంకో ప్రమాదం. ఎక్కువ ఛార్జింగ్‌తో లోపలి నీళ్లు ఉడికిపోతాయి, కొత్త బ్యాటరీ కూడా ఏడాది లోపే ఉబ్బిపోతుంది. కొన్ని కొత్త మోడళ్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి, ఆ కార్లకి ఒక్కసారి చూసి తేల్చకుండా లైట్లు వేసి కాసేపు గమనించాలి.

వీటన్నిటికంటే ముందు కంటితో చూడాల్సింది ఒకటుంది. బానెట్ ఎత్తి టెర్మినల్స్ చూడండి. భోగాపురం, కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉండేవాళ్లు ఇది మరీ చూడాలి. టెర్మినల్ చుట్టూ తెల్లగానో, పచ్చనీలంగానో పొడి పేరుకుని ఉంటే కరెంటు సరిగ్గా పారదు, బ్యాటరీ బాగానే ఉన్నా సెల్ఫ్ అందుకోదు. క్లాంపులు విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దితే అది నురగలు కక్కుతూ ఊడిపోతుంది. తడి తుడిచి, గట్టిగా బిగించి, పైన పల్చగా వ్యాజిలిన్ రాయండి. నాకు తెలిసిన ఒకాయన కొత్త బ్యాటరీకి డబ్బు తీసుకుని రాజాం బయల్దేరబోతూ, ఈ పని చేసి ప్రయాణం మానేశాడు. ఆ బ్యాటరీ ఇంకో ఏడాదిన్నర పనిచేసింది.

పాత లేబుల్‌ని ఫోటో తీసుకోండి

బ్యాటరీ చెడిపోయిందని తేలాక పాత బ్యాటరీని పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, టెర్మినల్స్ కనిపించేలా ఇంకొకటి ఫోటోలు తీయండి. షాపుకి ఇవి చాలు.

లేబుల్ మీద ఒక కోడ్ ఉంటుంది. మన దగ్గర చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువగా కనిపించేది 38బి20ఎల్ అనే రకం. ఇది జపాన్ పద్ధతి. మొదటి అంకె బ్యాటరీ శక్తి ఏ స్థాయిదో చెబుతుంది. బి అన్న అక్షరం వెడల్పు, ఎత్తుల గుంపు. 20 అంటే పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. చివరి ఎల్ ప్లస్, మైనస్ ఏ పక్కన ఉన్నాయో చెప్పే అక్షరం. ఎల్ ఉన్న చోట ఆర్ వేస్తే కుదరదు. 55బి24ఎల్ఎస్ అని చివర ఎస్ కనిపిస్తే టెర్మినల్ లావు రకం. ఎస్ లేనిది సన్న రకం. సన్న టెర్మినల్‌కి లావు క్లాంప్ వేస్తే వదులు, లావుదానికి సన్నది అసలు దిగదు.

ఇంకో పద్ధతి జర్మన్‌వాళ్లది. డిన్ 44, డిన్ 55, డిన్ 65, డిన్ 74 అని రాసి ఉంటుంది. ఆ అంకె ఆంపియర్ అవర్స్, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే కొలత. ఈ రకంలో టెర్మినల్స్ పైమట్టానికి మించి లేవకుండా గుంటలో కూర్చుంటాయి, బ్యాటరీని అడుగు అంచు దగ్గర పట్టీతో బిగిస్తారు. జపాన్ రకంలో టెర్మినల్స్ పైకి పొడుచుకుని ఉంటాయి, బిగింపు పట్టీ పైనుంచి వస్తుంది. ఒకదాని చోట ఇంకొకటి పెట్టిస్తే పట్టీ సరిపోదు. సరిపోయేలా తాడు కట్టో, రబ్బరు ముక్క దూర్చో పంపించే షాపులున్నాయి. అది ఒప్పుకోవద్దు. మన పల్లెదారుల్లో గతుకులకి బ్యాటరీ ఊగిందంటే లోపలి ప్లేట్లు రాలతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఎత్తు ఎక్కువైతే వస్తుంది. బానెట్ మూసినప్పుడు దాని ఇనుము ప్లస్ టెర్మినల్‌కి తగిలితే నిప్పు రేగుతుంది.

ప్లస్ ఎటు, మైనస్ ఎటు అన్నది అక్షరాలతో గుర్తుపెట్టుకోవడం కంటే ఒక తేలిక దారి ఉంది. షాపులో పాత బ్యాటరీని, కొత్తదాన్ని పక్కపక్కన నేల మీద పెట్టించండి. రెండిటి టెర్మినల్స్ మీవైపు ఉండేలా తిప్పండి. పాతదానికి ప్లస్ కుడిపక్కనుంటే కొత్తదానికీ కుడిపక్కనే ఉండాలి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కంటికి ఒకేలా ఉండాలి. ఏ కాస్త తేడా ఉన్నా ఎందుకో అడగండి. నా మొదటి బ్యాటరీ బిగించేటప్పుడు ప్లస్ వైరు అందక ఆ కుర్రాడు దాన్ని లాగి లాగి పెట్టాడు. ఆ వైరు ఇన్సులేషన్ మీద ఇప్పటికీ గీత ఉంది.

పాత బ్యాటరీ కంపెనీ ఇచ్చిందేనా, మధ్యలో ఎవరైనా మార్చారా అన్నదీ చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకి ఇది ముఖ్యం. ముందు యజమాని తప్పు సైజు వేసి ఉంటే మీరు కూడా ఆ తప్పునే కొనుక్కుంటారు. అనుమానం ఉంటే కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో వెనక పేజీల్లో బ్యాటరీ వివరం ఉంటుంది. అదే ఖాయం.

ఎంత ఆంపియర్ అవర్స్?

మన చిన్న పెట్రోల్ కార్లకి ఎక్కువగా 35 దగ్గర సరిపోతుంది. డీజిల్ బండికి ఇంజన్ తిప్పడానికి బలం ఎక్కువ కావాలి కాబట్టి 60, 65, 74 అలా ఉంటాయి. కంపెనీ చెప్పినదానికంటే తక్కువది ఎప్పుడూ వేయించుకోవద్దు. ధర తక్కువని డీజిల్ కారుకి చిన్నది వేస్తే చలికాలం తెల్లవారుజామున మొరాయిస్తుంది.

ఎక్కువ వేస్తే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. వైర్లు కాలిపోతాయని కొందరు భయపెడతారు. అది నిజం కాదు, కారు తనకి కావలసినంత కరెంటే లాగుతుంది. ట్రేలో సరిగ్గా కూర్చుని, పట్టీ పడితే ఒక మెట్టు పెద్దది వేయవచ్చు. కానీ మామూలు వాడకానికి దానివల్ల లాభం పెద్దగా లేదు. సౌండ్ సిస్టమ్, అదనపు లైట్లు పెట్టించుకున్నవాళ్లకే కాస్త ఉపయోగం.

సీసీఏ అని ఇంకో అంకె ఉంటుంది. మైనస్ 18 డిగ్రీల చలిలో బ్యాటరీ ఒక్కసారిగా ఎంత కరెంటు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. మనకి అంత చలి ఎక్కడిది! అందుకని ఈ అంకె పెద్దదని చెప్పి రెండు వేలు ఎక్కువ అడిగితే ఇవ్వక్కర్లేదు. పాతదానికంటే తగ్గకుండా చూసుకుంటే చాలు.

మన దగ్గర బ్యాటరీని చంపేది ఎండ. మే నెలలో రోడ్డు పక్కన నిలబెట్టిన కారు బానెట్ కింద వేడికి లోపలి ప్లేట్లు త్వరగా తరిగిపోతాయి, నీళ్లు ఆవిరవుతాయి. బ్యాటరీ లోపల అరిగేది ఎండాకాలంలో, ఆ అరుగుదల బయటపడేది చలిగాలి మొదలయ్యాక. నవంబరు, డిసెంబరుల్లో తెల్లవారి సెల్ఫ్ నీరసంగా తిరగడానికి కారణం అదే. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే దసరా ముందే ఒకసారి లోడ్ టెస్ట్ చేయించండి. మనకి తుఫాన్లు ఎక్కువగా వచ్చేదీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజున ఇంట్లో ముసలివాళ్లని హాస్పిటల్‌కి తీసుకెళ్లాల్సిన కారు కదలకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మీ కారులో ఆటో స్టార్ట్ స్టాప్ ఉందా?

సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ దానంతటదే ఆగి, క్లచ్ తొక్కగానే మళ్లీ స్టార్ట్ అయ్యే కార్లున్నాయి. వీటికి మామూలు బ్యాటరీ వేయకూడదు. రోజుకి ఇరవై, ముప్పైసార్లు స్టార్ట్ చేయడానికి ఈఎఫ్‌బీ, ఏజీఎమ్ అనే రకాలుంటాయి. లేబుల్ మీద ఆ మాట రాసి ఉంటుంది. పాతది ఈఎఫ్‌బీ అయితే ఈఎఫ్‌బీనో, అంతకంటే మెరుగైన ఏజీఎమ్మో వేయండి. పాతది ఏజీఎమ్ అయితే ఏజీఎమ్మే వేయాలి, దాన్నుంచి కిందికి దిగకూడదు. ఇవి ఖరీదు ఎక్కువ. "ఆ బటన్ ఆఫ్ చేసుకోండి సార్, మామూలుదే సరిపోతుంది" అని చెప్పేవాళ్లుంటారు. ఆ బటన్ చాలా కార్లలో ప్రతిసారీ స్టార్ట్ చేయగానే మళ్లీ ఆన్ అవుతుందని వాళ్లు చెప్పరు.

మైనస్ టెర్మినల్ మీద చిన్న నల్ల డబ్బా లాంటిది, దానికి సన్న వైరు ఉంటే అది బ్యాటరీ సెన్సర్. దాన్ని లాగకుండా, మెలితిప్పకుండా తీయాలి. ఖరీదైన కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేశాక కంప్యూటర్‌లో నమోదు కూడా చేయాలి, అవి సర్వీస్ సెంటర్‌లోనే మార్పించడం మేలు. కరెంటు కారులో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది, అది పోయినా కారు కదలదు. దానికీ మాన్యువల్ చూసే కొనాలి.

ఇంకో మాట. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఖాళీగా ఉంది కదా, కారుకి పెట్టేద్దామనే ఆలోచన కొందరికి వస్తుంది. వద్దు. ఇన్వర్టర్‌కి గంటల తరబడి కొద్దికొద్దిగా ఇచ్చే మందపాటి ప్లేట్లు. కారుకి రెండు సెకన్లలో వందల ఆంపియర్లు దంచి ఇవ్వాల్సిన పల్చటి ప్లేట్లు. రెండిటి పనీ వేరు. అలాగే పాత బ్యాటరీకి రంగు వేసి, ఆసిడ్ మార్చి సగం ధరకి అమ్మేవి కూడా ముట్టుకోవద్దు.

కారు మీరు ఎలా వాడతారు?

మన జిల్లాల్లో ఒక పరిస్థితి ఎక్కువ. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉంటారు. కారు టెక్కలి దగ్గరో, చీపురుపల్లి దగ్గరో అమ్మానాన్నల ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంటుంది. దసరాకో, సంక్రాంతికో వచ్చి తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండదు. బ్యాటరీ కంపెనీని తిడతారు. లెక్క చూడండి. ఆగి ఉన్న కారు కూడా అలారం, గడియారం, కంప్యూటర్ కోసం కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. 25 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం, ఇది మామూలే. రోజుకి 0.6 ఆంపియర్ అవర్. ముప్పై రోజులకి 18. మీ బ్యాటరీ 35. అంటే నెలకే సగం అయిపోయింది. డాష్‌క్యామో, జీపీఎస్ ట్రాకరో ఉంటే ఇంకా త్వరగా. ఖాళీగా పడి ఉన్న బ్యాటరీ లోపల ప్లేట్ల మీద తెల్లటి ఉప్పులాంటి పొర గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్వపు బలం రాదు.

ఇలాంటి కారుకి ఖరీదైన బ్యాటరీ కొనడం దండగ. మంచి కంపెనీ మామూలు బ్యాటరీ వేసి, ఊరు వదిలే ముందు మైనస్ క్లాంప్ విప్పి పక్కన పెట్టండి. 10 నంబర్ స్పానర్‌తో ఒక నిమిషం పని. దానికి ముందు తాళం కారులో ఉండిపోకుండా చూసుకోండి, బ్యాటరీ విప్పాక రిమోట్ పనిచేయదు కాబట్టి తలుపు, డిక్కీ తాళంతో తెరుచుకుంటాయో లేదో కూడా చూసుకోండి. విప్పడం కుదరకపోతే వారానికి ఒకసారి ఎవరైనా నమ్మకస్తుడిని కనీసం అరగంట రోడ్డు మీద తిప్పమనండి. షెడ్డులోనే స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేస్తే స్టార్టింగ్‌కి ఖర్చయింది కూడా సరిగ్గా తిరిగి రాదు.

ఊళ్లోనే తిప్పేవాళ్లకీ ఇదే ఇబ్బంది కొంత ఉంటుంది. విజయనగరంలో కోట దగ్గర నుంచి గంటస్తంభం, అక్కడి నుంచి కాంప్లెక్స్, మళ్లీ ఇల్లు. ప్రతిసారీ పది నిమిషాలు, ప్రతిసారీ ఏసీ. ఆల్టర్నేటర్‌కి బ్యాటరీ నింపే తీరిక దొరకదు. ఆదివారం హైవే ఎక్కి ఒక గంట వెళ్లొస్తే బ్యాటరీకి ప్రాణం లేచొస్తుంది. రోజూ హైవే మీద శ్రీకాకుళం వచ్చిపోయేవాళ్లకి ఈ బెంగ లేదు, వాళ్లు వారంటీ ఎక్కువున్నదానికి డబ్బు పెట్టుకోవచ్చు.

షాపులో

నేను మోసపోయింది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఒకే షాపుకి వెళ్లకండి. శ్రీకాకుళంలో అయితే డే అండ్ నైట్ జంక్షన్ వైపో, పాలకొండ రోడ్డులోనో, ఎక్కడైనా సరే, రెండు మూడు చోట్ల అదే కోడ్ చెప్పి ఫోన్లో ధర అడగండి. చిన్న పెట్రోల్ కారు బ్యాటరీ పాతది ఇచ్చేస్తే సుమారు నాలుగైదు వేల దగ్గర ఉంటుంది. ఎక్సైడ్, ఆమరాన్, ఎస్‌ఎఫ్ సోనిక్, టాటా గ్రీన్ లాంటి తెలిసిన కంపెనీల్లో ఏదైనా పర్వాలేదు. నా మట్టుకు నేను కంపెనీ పేరు కంటే మీ ఊళ్లో వారంటీ చూసే డీలర్ ఉన్నాడా అన్నదే ముందు అడుగుతాను. పలాసలో ఉండేవాళ్లు విశాఖలో ఆఫర్ ఉందని అక్కడ కొంటే, రేపు తేడా వస్తే ఆ బరువు మోసుకుని మళ్లీ విశాఖ వెళ్లాలి.

బ్యాటరీ బయటికి తీయగానే ముందు తయారీ తేదీ చూపించమనండి. ఒక్కో కంపెనీ ఒక్కోలా ముద్రిస్తుంది, కొన్నిటి మీద అది కోడ్‌లా ఉంటుంది. అర్థం కాకపోతే ఏ నెల, ఏ ఏడాదో చదివి చెప్పమని అడగండి, ఎలా చదివాడో కూడా అడగండి. మూడు నెలల లోపుదైతే మంచిది. ఆరు నెలలు దాటితే వేరేది తీయమనండి. కూర్చున్న బ్యాటరీ కూడా నెలనెలా తనంతట తనే కొంత ఛార్జ్ కోల్పోతుంది, మన వేడికి ఇంకాస్త ఎక్కువ.

తర్వాత మీ మీటర్ తీసి అక్కడే కొలవండి. మొహమాటపడొద్దు. 12.6 దగ్గర ఉండాలి. 12.4 కంటే తక్కువ ఉంటే అది అలమారలో చాలాకాలం ఉందనే అర్థం. "బండి తిరిగితే ఎక్కేస్తుంది సార్" అంటారు. నా మొదటి బ్యాటరీకి కూడా అదే మాట అన్నారు.

వారంటీ గురించి. పెట్టె మీద 48 నెలలు అని పెద్దక్షరాలతో ఉంటుంది. దాన్ని విడదీసి అడగండి. 24+24 అంటే, మొదటి 24 నెలల్లో పోతే ఉచితంగా కొత్తది. తర్వాతి 24 నెలల్లో పోతే కొత్తదాని ధరలో కొంత తగ్గింపు మాత్రమే, నెలలు గడిచేకొద్దీ ఆ తగ్గింపు కూడా తగ్గుతుంది. అందుకని రెండు బ్యాటరీలు పోల్చేటప్పుడు మొదటి అంకెలు పోల్చండి. 48 నెలల్లో 36 ఉచితమున్నది, 55 నెలల్లో 30 ఉచితమున్నదానికంటే మీకు మేలు. కారు ట్యాక్సీగా తిరుగుతుంటే వారంటీ షరతులు వేరు, ముందే అడగండి.

కార్డు మీద బ్యాటరీ సీరియల్ నంబరు, మీ కారు నంబరు, అమ్మిన తేదీ, షాపు ముద్ర నాలుగూ పడేవరకు అక్కడి నుంచి కదలొద్దు. సీరియల్ నంబరు బ్యాటరీ మీదున్నదీ, కార్డు మీదున్నదీ ఒకటేనా మీరే చూసుకోండి. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఫోన్లోనే నమోదు చేస్తున్నాయి, మెసేజ్ వచ్చేదాకా ఆగండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా మూడు వందలు తగ్గిస్తానంటే ఒప్పుకోవద్దు, ఆ మూడు వందలకి మీరు వారంటీ అమ్ముకున్నట్టు.

పాత బ్యాటరీని ఇంటికి తెచ్చుకోవద్దు, షాపులోనే ఇచ్చేసి దాని విలువ ధరలో తగ్గించుకోండి. ఆ తగ్గింపు బిల్లులో కనిపించాలి. సైకిల్ మీద వచ్చే పాత ఇనుము అబ్బాయికి ఇంకో యాభై ఎక్కువిస్తాడని అమ్మడం వల్ల ఒక కీడు ఉంది. అది ఎక్కడో పెరట్లో పగులుతుంది, ఆసిడ్ కాలవలోకి పోతుంది, సీసం నేలలో దిగి నూతి నీళ్లలో చేరుతుంది. సీసం పిల్లల మెదడు మీద పనిచేసే విషం. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకుని సరిగ్గా రీసైకిల్ చేయించే బాధ్యత 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీ కంపెనీలదే. ఆ దారిలోకి మీ బ్యాటరీ వెళ్లాలంటే షాపులో ఇవ్వాలి.

బిగించేటప్పుడు

షాపులోనే బిగిస్తారు, అయినా దగ్గర నిలబడండి. ఇంజన్, లైట్లు అన్నీ ఆఫ్. ముందు మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. కారణం చిన్నదే. కారు ఇనుమంతా మైనస్‌కి కలిపి ఉంటుంది. మైనస్ తగిలించి ఉండగా ప్లస్ విప్పుతుంటే స్పానర్ పొరపాటున బాడీకి తగిలిందా, మంట పుట్టినంత నిప్పు వస్తుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయాలి. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు, బ్యాటరీ నుంచి వచ్చే వాయువు అంటుకునేది.

ట్రే తుడిచి, క్లాంపులు శుభ్రం చేసి, బ్యాటరీ పెట్టి, పట్టీ బిగించాక రెండు చేతులతో ఊపి చూడండి. కదలకూడదు. క్లాంప్‌ని చేత్తో తిప్పితే తిరగకూడదు. ప్లస్ మీద ఎర్ర మూత తప్పకుండా ఉండాలి. బానెట్ మెల్లగా దించి, ఎక్కడా తగలట్లేదని చూసుకున్నాకే మూయండి.

స్టార్ట్ చేసి, మళ్లీ మీటర్ పెట్టి 13.8కి పైన ఉందో లేదో చూడండి. గడియారం, స్టీరియో సెట్టింగులు పోతాయి, కిటికీ అద్దం ఒక్క నొక్కుకి పైకి వెళ్లడం మానేయవచ్చు. చాలా కార్లలో అద్దం పూర్తిగా ఎత్తి స్విచ్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే సర్దుకుంటుంది. ఇంజన్ మొదటి రోజు ఐడ్లింగ్‌లో కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా కొద్దిసేపు నడిపాక తనే కుదురుకుంటుంది.

పైన మూతలు విప్పే రకం బ్యాటరీ అయితే రెండు నెలలకోసారి నీళ్ల మట్టం చూసి డిస్టిల్డ్ వాటరే పోయండి. బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు పోస్తే ఆ ఉప్పులతోనే చెడుతుంది. మెయింటెనెన్స్ ఫ్రీ అన్నదానికి నీళ్లు అక్కర్లేదు గానీ టెర్మినల్స్ తుడవడం దానికీ తప్పదు.

ఇంటికి రాగానే బిల్లునీ, వారంటీ కార్డునీ ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపండి. బ్యాటరీ మీద మార్కర్‌తో బిగించిన తేదీ రాయండి. నా కారులో ఇప్పుడున్న బ్యాటరీ మీద నేను రాసిన తేదీ రెండేళ్ల కిందటిది. మొన్న తెల్లవారుజామున మీటర్ పెడితే 12.6 చూపించింది. ఈ కార్తీకంలో అమ్మకి మళ్లీ అరసవల్లి వెళ్లాలని ఉంది.